కందులు ఎండాయని చెప్పిన చేయి

ఫిబ్రవరి 4
కందులకు ఎర్రమట్టి పట్టించి ఆరబోసి ఐదో రోజు. మావి, పక్కింటి షహనాజ్ వాళ్లవి ఒకే కుప్ప. ఎండాయో లేదో చూసేది ఎప్పుడూ నేనే. పిడికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాను. తడి ఉంటే చల్లగా తగలాలి. తగల్లేదు. రెండు డ్రమ్ముల్లోకి ఎత్తి, వేపాకు వేసి, మూతలు పెట్టాం.
"జర కొరికి చూద్దామా అక్కా?" అంది షహనాజ్.
కొరికి చూడటం చేతికి తెలియనివాళ్ల పని అన్నాను.

ఫిబ్రవరి 12
కుడి చేతి వేళ్లు తిమ్మిరి. విదిలిస్తే పోతోంది.

ఫిబ్రవరి 20
మూత తీస్తే ముక్క వాసన. నడుమ నుంచి అడుగుదాకా బూజు. రెండు డ్రమ్ములూ.
"ఏడాది పప్పు…" అని ఆగిపోయింది షహనాజ్.
ఆరబోసినప్పుడు రెండు రోజులు మబ్బు పట్టింది కదా అన్నాను. పట్టలేదు.

ఫిబ్రవరి 22
చూపుడువేలి మీద పొక్కు. వేడి గిన్నె ఎప్పుడు పట్టుకున్నానో తెలియదు. పొక్కు చూశాకే కాలిందని తెలిసింది. "గట్లెట్ల తెల్వదే?" అంటారు ఈయన. నాపబండ మీద అరచేయి రాసి, పాలిష్ ఎక్కడ సరిగా లేదో చెప్పే మనిషి. ఆయనకు అర్థం కాదు.

ఫిబ్రవరి 24
వంట మొదలుపెట్టే ముందు పరీక్ష. కళ్లు మూసుకుని — దారపు పోగు, చల్లటి గరిటె, రూపాయి బిళ్ల అంచు.
బొటన, చూపుడు, మధ్య — ఏదీ తెలియలేదు. చిటికెన — అన్నీ తెలిశాయి.
ఉంగరపు వేలు — చిటికెన వైపు సగం తెలుస్తోంది, మధ్యవేలి వైపు సగం తెలియడం లేదు. ఒకే వేలు. మళ్లీ చూశాను. అంతే.
ఇక రోజూ రాయాలి.

మార్చి 2
వికారాబాద్. రైల్లో ధారూర్ దాటేదాకా నిలబడే ఉన్నాను. బిడ్డ సుమ కాలేజీ నుంచి నేరుగా ఆస్పత్రికి వచ్చింది.
డాక్టరమ్మ కళ్లు మూయమని వేలికి ఏదో ఆనించింది. "ఒకటా, రెండా?" ఒకటి అన్నాను. ప్రతిసారీ ఒకటే అన్నాను. కళ్లు తెరిస్తే రెండు మొనలు వేలి మీదే ఉన్నాయి.
మణికట్టులో నరం నలుగుతోందట. వేలు పంపే కబురు అక్కడే చిక్కుకుంటోంది. మోచేయి, మెడ, మెదడు — పై దారంతా బాగానే ఉంది. చిటికెన వైపుకు నరం వేరు. సగం వేలు సంగతి తేలింది.
కబురు అందకపోతే మెదడు ఏమనుకుంటుంది అని అడిగాను.
"ఎప్పటి లెక్కనే ఉన్నదనుకుంటదమ్మా."

మార్చి 3
చల్లగా తగల్లేదంటే ఎండాయని కాదు. తగల్లేదు, అంతే.

మార్చి 5
షహనాజ్‌కు చెప్పాను. మబ్బు అబద్ధమని కూడా.
"మరి గా రోజు కొరకనియ్యకపోతివి. చేతికి గింత గీర ఎందుకక్కా?" నవ్వింది, కానీ పూర్తిగా కాదు.

మార్చి 11
మణికట్టు దగ్గర కోత. చిన్నదే. ఈయనే అన్నం కలిపి పెట్టారు. ఉప్పెక్కువ.

మార్చి 25
కుట్లు తీశారు. తిమ్మిరి పోయింది. స్పర్శ వస్తే నెమ్మదిగా వస్తుందట. ఎంత వస్తుందో చెప్పలేరట.

ఏప్రిల్ 9
దారం లేదు. గరిటె లేదు. రూపాయి — ఏదో ఉన్నట్టు.

ఏప్రిల్ 17
గరిటె చల్లగా తగిలింది. చూపుడువేలికి. దారం కూడా.

ఏప్రిల్ 20
షహనాజ్ బొంరాస్‌పేటలోని అన్న ఇంటి నుంచి కందులు తెచ్చింది. మట్టి పట్టించి మా పెరట్లోనే ఆరబోసింది. "నీ చెయ్యి వచ్చిందంటివి గద, నువ్వే చూడాలె. ఇవి గిట్ల ఖరాబైతే మా అన్నను మళ్లా అడగలేను."
సరే అన్నాను.

ఏప్రిల్ 22
ఎడమ చేత్తో నలిపి చూశాను. స్పర్శ బాగానే ఉంది. కానీ తడి ఏదో పొడి ఏదో చెప్పలేకపోయింది. ఇన్నేళ్లలో దాన్ని ఎన్నడూ అడగలేదు.

ఏప్రిల్ 24
సుమ వచ్చింది. నా పరీక్షల రాతలన్నీ చదివింది.
"నువ్వే పెట్టుకొని నువ్వే రాసుకున్నవా? గట్లయితే ఏది తగుల్తదో ముందే తెలుస్తది గదమ్మా!"
ఆ మాట నాకు తోచలేదు. రెండు నెలలు.
కళ్లకు నా కొంగే కట్టింది. వేలు చాపాను.
"తగిలిందా?"
"ఆ. దారం. చూపుడువేలి కొస."
కొంగు తీశాను. దారం ఇంకా దాని చేతిలోనే ఉంది.
"నేనింకా పెట్టనే లేదమ్మా…"
తర్వాత నిజంగా పెట్టింది. అదీ తగిలింది. రెండూ ఒకేలా.
ఏప్రిల్ 17 నాటి రాత కొట్టేశాను. మళ్లీ రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను.

ఏప్రిల్ 25
కందులు ఆరబోసి ఐదు రోజులు. పిడికెడు తీసి నలిపాను. గరుకు తెలిసింది. చల్లదనం లేదు.
"ఏమంటున్నది నీ చెయ్యి?" షహనాజ్.
ఎండాయంటోంది. ఫిబ్రవరిలోనూ అదే అంది. బయటికి అనలేదు. ఒక్క నిమిషం అని లోపలికి వచ్చాను.
గింజ ఒకటి ఈ పేజీ మీద ఉంది. మట్టి తుడిచాను. ఎండినదైతే కొరకగానే టక్కుమనాలి.
పెరట్లోంచి పిలుస్తోంది — "అక్కా, మూత పెట్టాల్నా, వద్దా?"