‘ఆపినప్పుడు’ అన్న మాటకు సస్పెండైన సభ్యుడి మనవి

ప్రవర్తనా నియమావళి సంఘం అధ్యక్షురాలు గారి సముఖమునకు,

అమ్మా,

విషయం: ఒక క్రియాపదం కారణంగా నాపై విధించిన సస్పెన్షన్ ఎత్తివేయుట గురించి, అది కుదరని పక్షంలో, కనీసం మన ప్రోగ్రాముకు నేను రాసిన మరమ్మతును స్వీకరించుట గురించి.

నేను పగలు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఉద్యోగిని. మిగిలిన వేళల్లో, చూపు లేనివారికి ఫోనులో దారి చెప్పే మన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామును, ముఖపరిచయమైనా లేని ఎందరితోనో కలిసి, పైసా ఆశించకుండా రాస్తున్నవాడిని.

1. మన చర్చావేదికలో రాజకీయాలు కూడవన్న నియమానికి చెయ్యెత్తినవారిలో నేనూ ఉన్నాను. ఇద్దరు సభ్యులు ఎన్నికల మీద తగువులాడుకుని, మ్యాపుల పని మొత్తం మూలన పడేసిన సంగతి తమకు విదితమే. ఆ నియమం మీద నాకు నేటికీ కోపం లేదు.

2. ఇటీవల ఊళ్ళో నిరసన ఊరేగింపు జరుగుతుందని ప్రభుత్వం వారు నెట్ ఆపించారు. ఆ సమయానికి నా బావమరిది, అనగా నా భార్య తమ్ముడు, పియానోలకు శ్రుతి సరిచేసే పని ముగించుకుని ఇంటికి వస్తున్నాడు. అతనికి చూపు లేదు. మన ప్రోగ్రాము "కాసేపట్లో కుడివైపు తిరగాలి" అని చెప్పి, ఆపై నోరు మూసుకుంది. ఎక్కడ తిరగాలో చెప్పలేదు. చుట్టూ జనం పరుగెడుతున్నారు. అతను మూసి ఉన్న ఒక కొట్టు షట్టరుకు వీపు ఆనించి, పనిముట్ల సంచి గుండెలకు హత్తుకుని, నేను వెతుక్కుంటూ వెళ్ళేదాకా అక్కడే నిలబడ్డాడు. నా గొంతు వినగానే, "బావా, నీ ప్రోగ్రాముకి నోరు పడిపోయింది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నా మణికట్టును మాత్రం ఇల్లు చేరేదాకా వదల్లేదు.

3. ఆపై సెలవు రోజులన్నీ కూర్చుని, ఊరి దారులు ఫోనులోనే ఉండి, నెట్ లేకున్నా పనిచేసేలా మరమ్మతు రాశాను. దాని పరిచయంలో "ప్రభుత్వం నెట్ ఆపినప్పుడు కూడా పనిచేస్తుంది" అని ఒక వాక్యం పెట్టాను. తమ సంఘం దానిని రాజకీయ వ్యాఖ్యగా నిర్ధారించి, మరమ్మతును పక్కన పెట్టి, నన్ను సస్పెండ్ చేసింది.

4. విచారణలో నేను "ప్రభుత్వం" తీసివేశాను. "నెట్ ఆపినప్పుడు" అని మిగిలింది. కార్యదర్శి గారు, "ఆపినప్పుడు అంటే ఎవరో ఆపారనేగా? ‘ఆగినప్పుడు’ అని రాయండి, గొడవుండదు" అని సెలవిచ్చారు.

"నెట్ తనంతట తాను ఆగలేదండీ" అన్నాను.

"అదుగో, మళ్ళీ రాజకీయం!" అన్నారు.

తటస్థత అనునది ‘ప’కూ ‘గ’కూ నడుమ ఉన్న సందులో నివసించుచున్నదని ఆ రోజే తెలుసుకున్నాను.

5. ఇది విని నా భార్య, "ఏమండీ, మీ పట్టుదలకో దండం. ఆగిందనే రాసి పారేయండి. రేపు వాడు మళ్ళీ రోడ్డు మీద చిక్కుకుంటే మీ వ్యాకరణం వచ్చి చెయ్యి పట్టుకుంటుందా?" అని అడిగింది. ఆమె చెప్పినట్టే రాసి పంపాను. సస్పెన్షన్‌లో ఉన్న సభ్యుడు పంపినవేవీ చెల్లవని తిప్పి పంపారు. సస్పెన్షన్ ఎత్తివేయమని పెట్టుకున్న దరఖాస్తును కూడా అదే కారణంతో తిప్పి పంపారు.

కావున, తమకు నచ్చిన క్రియ వేసుకుని, నా పేరు కొట్టివేసి, ఎవరి పేరన్నా పెట్టుకుని, ఆ మరమ్మతును స్వీకరించవలసినదిగా ప్రార్థన. నాకు పేరు అక్కర్లేదమ్మా. పొద్దున గడప దాటిన మనిషి సాయంత్రానికి ఇంటికొస్తే చాలు. మా వాడొక్కడే కాదు, ఆ ఫోనును నమ్ముకుని బయటికెళ్ళిన వాళ్ళందరూ.

నా సస్పెన్షన్‌ను ఒక్క క్షణం మరిచి దీనిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
(ప్రస్తుతానికి సభ్యుడు కానివాడు)

తా.క.: పంపబోయేసరికి మళ్ళీ నెట్ లేదు. అందుకని కాగితం మీద అచ్చు తీసి, ఈ నాలుగు ముక్కలూ పెన్నుతో రాస్తున్నాను. తమ ఇల్లు ఊరికి ఆ చివరనే కదా అని నేనే బయలుదేరబోతే, "నేనిచ్చొస్తాను బావా. నీ మరమ్మతు నా ఫోనులో ఉందిగా, దాని సంగతేంటో తేల్చేద్దాం" అని బావమరిది అడ్డుపడ్డాడు. వాళ్ళక్క అరుస్తున్నా వినకుండా బూట్లు వేసుకుంటున్నాడు. ఈ కాగితం తమ చేతికిచ్చినవాడు అతనే. లోపలికి పిలిచి కాసిన్ని మంచినీళ్ళివ్వండి తల్లీ. తిరిగి వచ్చేటప్పుడు తోడు పంపనక్కర్లేదు.