పెద్దల పేరున పోసిన సారా

మహాలయ అమావాస్య మరునాడు.

చెప్పేది నేను, రాసేది కోడలు. నిన్న పొద్దుగూకాక పెద్దలకు పెట్టిన సారా కొడుక్కి నేనే పోశాను.

"పొద్దున్నే బస్సు తోలాలమ్మా, వద్దు" అన్నాడు.

"మీ నాయనకు పెట్టింది కాదంటావా?" అని గదిమి, నాయన, తాత, ముత్తాతల పేరున మూడు గ్లాసులు తాగించాను.

తెల్లారి తలకు పోసుకుని, మజ్జిగ తాగి డ్యూటీకి పోయాడు. వాసన లేదు కదా అనుకున్నాను. పూతలపట్టు దగ్గర బస్సు గోడకు రాసుకుంటే ఆస్పత్రిలో ఉచ్చ పరీక్ష చేశారు. సారా బయటపడింది.

"నోట్లో వాసన పోయినా ఉచ్చలో మర్నాటిదాకా ఉంటాదవ్వా" అన్నాడు కాంపౌండరు.

డిపోకు పోయి, "పోసింది నేను, నన్నడుగు!" అని ఆఫీసరు మీద అరిచాను.

"తోలింది నువ్వు కాదు గదమ్మా" అన్నాడు. 

కొడుకును పనిలోంచి ఆపేశారు. వాడు ఇంటికొచ్చి, "ఖాకీ చొక్కా ఇంక ఉతకొద్దులే" అని కోడలికి చెప్పాడు. ఆ మాట దగ్గరే ఇప్పుడు కోడలి చెయ్యి ఆగింది.

రాయవే. నన్ను తిట్టుకుంటూనే రాయి.