పాప జలుబు గురించి

అమ్మా, నమస్కారం.

జలుబు తగ్గేదాకా పాపని వయొలిన్ క్లాసుకి పంపనని మీరు రాసిన చీటీ అందింది. మందు రెండుసార్లు మార్చినా తగ్గలేదన్నారు. తగ్గదండి. పాపకి జలుబు లేదు. వాయించబోయే ముందు ఒకసారి ముక్కు ఎగబీలుస్తుంది, అంతే. మీ చీటీ చూశాక గమనించాను, నా క్లాసు పిల్లలు ఏడుగురూ అంతే. కమాను సరిగ్గా పట్టుకోమని మూడేళ్లుగా మొత్తుకుంటున్నా ఒక్కరికీ రాలేదు. ఇది మాత్రం నేర్పకుండానే అందరికీ వచ్చేసింది.

నిన్న పాప లేదు కదా, మిగతా ఆరుగురూ ఎవరికి వారు ఎగబీల్చి, ఎవరికి వారు మొదలుపెట్టారు. ఆదివారం కచేరీ. పాప ఎగబీలిస్తేనే అందరూ ఒక్కసారిగా ఎత్తుకుంటారు. దయచేసి మందు ఆపేసి పంపండి.

తప్పు నాదే. నాకిది మా నాన్నగారి దగ్గర పాఠంతో పాటే అంటుకుంది. ఆయనకి మాత్రం నిజంగానే జలుబు, ఏడాది పొడుగునా.

ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. పోయిన వారం నేను అటు తిరిగి తీగ బిగిస్తుంటే, వెనక పాప ముక్కు ఎగబీల్చింది. యాభై ఆరేళ్ల వాణ్ణి, చటుక్కున నడుం నిటారు చేసి నిలబడ్డాను.

ఇట్లు,
వయొలిన్ మాష్టారు