రాజన్న పద్ధతి

రాజన్నా,

నువ్వు కన్నుమూసి నేటికి ఏడాది. ఈ అరబ్బు దేశంలో ఇబ్రి ఊరి దగ్గర, పద్దెనిమిదో శతాబ్దంలో కట్టిన మట్టికోట మరమ్మతులో, కాల్చిన మట్టిని సున్నంతో కలిపి ఒక గోడకు పూత వేశావు. "సిమెంటు పూస్తే గోడకు ఊపిరాడది సార్," అన్నందుకు ఇంజనీరు నిన్ను సైట్ నుంచి తరిమేశాడు. నీ పక్కనే పనిచేస్తూ, అన్నేసి పుస్తకాలు చదివిన నేను ఆరోజు నోరు మెదపలేదు. మిగిలిన మూడు గోడలకూ సిమెంటే పూశారు.

మొన్నటి వానకు ఆ సిమెంటంతా పెచ్చులుగా రాలింది. నీ గోడ మీద చిన్న బీట కూడా లేదు! ఈ ఉదయం ఇంజనీరు అందరి ముందూ, "మొత్తం ఆయన పద్ధతిలోనే చేద్దాం," అన్నాడు.

"ఎవరి పద్ధతి సార్? నాకు చెముడు, జర గట్టిగ చెప్పుండ్రి," అన్నాను, చెవి దగ్గర చెయ్యి పెట్టి.

"రాజన్న పద్ధతి!" అని అరిచాడు.

నాకు చెముడు లేదని తెలిసిన మనవాళ్లు పకపకా నవ్వారు. నేను మళ్లీ చెవి దగ్గర చెయ్యి పెట్టాను.