లక్షకు లక్ష

కండ్లకోయ,
ఏప్రిల్ 12, 2004

భవితా,

కామెర్లు తగ్గుముఖం పట్టాయని మీ అమ్మ చెప్పారు. ఇక్కడ మన ఆటోల ప్రాజెక్టు పాసైంది.

సుచిత్ర చౌరస్తాకు ఆటోలు ఏ క్షణంలో వస్తాయో ఊహించడానికి సున్నాకూ ఒకటికీ మధ్య దశాంశాలు కావాలి కదా. మనం ప్రోగ్రాం రాసిన ఏపీఎల్ కంప్యూటర్ భాష లాటరీ తీసినట్టు పూర్ణసంఖ్యలే ఇస్తుంది. నేను నూరులోపు సంఖ్య తీసి నూరుతో భాగించాను. "గట్లయితే నూరు రకాలే వస్తయ్. రెండు వందల కోట్ల లోపు తీసి, గంతతోనే భాగించు" అని నువ్వు ఫోన్లో చెబితే విసుక్కున్నాను. పరీక్ష ముందురోజు మాత్రం నువ్వన్నట్టే మార్చాను.

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు లక్ష సంఖ్యలు తీయించి, "వీటిల వేరువేరువి ఎన్నున్నయ్?" అని అడిగారు. ఒక్క వరుస టైపు చేశాను. తెర మీద సరిగ్గా లక్ష అని పడింది.

"మస్తుగున్నది. ఈ ఉపాయం ఎవరికి తట్టింది?"

"భవితకు సార్. నేనైతే మొదలు దాని మాట ఇనలే."

ఆయన నవ్వి, నువ్వు కోలుకున్నాకే నీ వైవా పెట్టమని రాసిచ్చారు. మొదట్లో ఏపీఎల్ వద్దన్న మన కాలేజీ సారే అందరికీ ఆ తెర చూపించారు.

రికార్డు అట్ట మీద నీ పేరు ముందు రాశాను.

నీ ప్రాజెక్టు జోడీ