ప్లాన్‌లో కొట్టేసిన గుడారం

మలాజ్, రియాద్
సోమవారం

చాముండీ,

ఫోన్‌లో చెప్పబోయి రెండుసార్లు మాట మార్చేశాను. అందుకే కాగితం మీద పెట్టి, జెద్దా వస్తున్న మా డ్రైవర్ నర్సింలు చేతికిస్తున్నాను.

వచ్చే వారం ఇక్కడి ఎడారిలో జరిగే మ్యూజిక్ ఫెస్టివల్‌కి సేఫ్టీ కాగితం మీద నా సంతకం కావాలి. నేను ప్లాన్‌లో గీసిన విశ్రాంతి గుడారాన్ని నిర్వాహకులు కొట్టేశారు. చప్పుడుకి దూరంగా, కళ్లు తిరిగినవాళ్లు కాసేపు కూర్చుని నీళ్లు తాగే చోటు అది. ఆ స్థలం వీఐపీలకి కావాలట. గురువారంలోగా సంతకం పెట్టకపోతే ఇఖామా రెన్యూ చేయను, దేశం వదిలి పోవాల్సిందేనని నాకు ఉద్యోగమిచ్చిన కఫీల్ అన్నాడు.

నీకు తెలియనిది ఒకటుంది. ఇంగ్లండ్‌లో చదువుకునే రోజుల్లో నేనూ మీ అన్నయ్య ప్రసాదూ ఒక పాడుబడ్డ క్వారీలో ఫ్రీ పార్టీకి వెళ్లాం. టికెట్ లేదు, కంచె లేదు, అనుమతి అసలే లేదు. గోడలా పేర్చిన స్పీకర్లు, వేలమంది జనం. ఆ ఉక్కలో ప్రసాద్ కుప్పకూలాడు. అప్పుడే పోలీసులొస్తున్నారన్నారు. వీసా పోతుందని నేను వాణ్ణి వదిలేసి పరిగెత్తాను చాముండీ. తిరిగొచ్చేసరికి ముక్కూ మొహం తెలియనివాళ్లు వాణ్ణి గుడారంలో పడుకోబెట్టి నీళ్లు తాగిస్తున్నారు. అంబులెన్స్ రాని చోటు కాబట్టి అలాంటి గుడారం వాళ్లే వేసుకునేవారట.

స్పీకర్ల గోడ, లైట్లు, తెల్లార్లూ ఆట, అన్నీ ఈ ఫెస్టివల్ వాళ్లు అలాంటి పార్టీల నుంచే తెచ్చుకున్నారు. గుడారం దగ్గరికొచ్చేసరికి చోటు లేదంటున్నారు. సంతకం పెడితే మళ్లీ పరిగెత్తినట్టే. పెట్టకపోతే నిన్ను ఈ దేశంలో ఒంటరిగా వదిలి పోవాలి. ఏం చెయ్యను?

నీ
హరనాథ్

జెద్దా
బుధవారం

శ్రీవారికి,

నర్సింలు కింద హారన్ కొడుతున్నాడు. డాక్టర్ చేతిరాత, సర్దుకోండి.

నిన్న మీ ఉత్తరం చదివితే కోపమొచ్చింది. మీరు పరిగెత్తినందుకు కాదు, ఇన్నేళ్లూ నాకు తెలియదనుకుని లోపల్లోపల నలిగినందుకు. మన పెళ్లిచూపుల ముందు రోజే అన్నయ్య చెప్పేశాడు. "భయమేసి రోడ్డు దాకా పోయాడే. మళ్లీ వాడే వెనక్కొచ్చాడు. పోలీసులు అక్కడే ఉన్నా తెల్లారేదాకా నా పక్క వదల్లేదు," అన్నాడు. ఆ చివరి ముక్క మీరు రాయనేలేదు. నేను పెళ్లికి సరేనన్నది అది వినే.

సంతకం పెట్టకండి. మిమ్మల్ని డిపెండెంట్‌గా నా ఇఖామా మీదికి మార్చుకోవచ్చేమోనని పొద్దున మా హాస్పిటల్ ఆఫీసులో అడిగాను. కుదరొచ్చన్నారు. ఖాయమని చెప్పలేదు, నాకూ గుబులుగానే ఉంది.

ఫెస్టివల్ మూడు రోజులూ సెలవు పెట్టాను. వాళ్లు గుడారం వేయిస్తే అందులో కూర్చుని బీపీలు చూస్తాను. లేదంటే మలాజ్ వచ్చి, జెద్దా తెచ్చుకోవడానికి మీ సామాను సర్దుతాను.

మీ
చాముండేశ్వరి