పెద్దాపరేషనయ్యాక వొదినకి

మా వొదినకి,

నీ ఆడపడుసు రత్నం దండాలెట్టి రాస్తన్నాది. సెన్నైలో నాను, మా ఇంటాయన, పుట్టిన గుంటడు ముగ్గురం బాగానే ఉన్నాం. నువ్వెలగున్నావు? నీకు ఏడో నెల వచ్చిందని అమ్మ సెప్పింది. కాళ్ళకి నీరు దిగుతన్నాదా? అన్నియ్య ఏటకెళ్తన్నాడా? దివ్యమ్మ దగ్గు తగ్గిందా? అందర్నీ అడిగానని సెప్పు.

ఫోనుండగా ఈ ఉత్తరమేటని నవ్వుకుంటావు. మనింట్లో ఫోనంటే స్పీకరెట్టి నడింట్లో పడీడమే కదా. ఈ మాట నడింట్లో యినీది కాదు, ముందు నువ్వొక్కదానివే సదువుకోవాలి. పది సదివినదానివి, నా కోడిగీతలు నువ్వే పోల్చుకోగలవు.

మాకిక్కడ హార్బరు దగ్గర ఒక్క గది. ఎండకి పైన రేకులు పెనం కాలినట్టు కాలిపోతాయి. పొద్దున్న లెగిస్తే ఇడ్లీ, తిని తిని నాలిక సప్పబడిపోనాది. మా ఇంటాయన బోటెక్కితే పది రోజులకి గాని రాడు. ఎనిమిదో నెల దాకా రొయ్యలు వొలిసే షెడ్డుకెళ్ళాను. పక్కనోళ్ళు మంచోళ్ళే గాని వాళ్ళ అరవం నాకు రాదు, నా తెలుగు వాళ్ళకి రాదు. ఒకలి ముకం ఒకలం సూసుకుని నవ్వుకోడమే. బెంగెట్టుకోకు, నాను బాగానే ఉన్నాను.

తొమ్మిదో నెలలో స్కానింగు తీసి బిడ్డ అడ్డంగా ఉన్నాడన్నారు. ఆకరి దాకా సూసారు, తిరగలేదు. పెద్దాపరేషనే అని డాక్టరమ్మ సెప్పింది. అక్కడే ఏడ్సీసాను. బయమేసి అనుకున్నారందరూ. బయం కాదొదినా, సిగ్గు. దివ్య పుట్టినప్పుడు నీకూ పెద్దాపరేషనైతే, రేవులో పది మంది ముందర నానేటన్నాను? "మా వొదిన మారాణి, నొప్పులు పడకుండా కనీసింది" అన్నాను. నువ్వు యిన్నావని నాకు తెలుసు.

ముందురోజు రాత్రి కాడ్నించి ఏటీ తినొద్దన్నారు. పొద్దున్నే పుస్తెలు, గాజులు తీయించి మా ఇంటాయన సేతిలో ఎట్టారు. ఆయన అవి పట్టుకుని సిన్నపిల్లోడిలా నిలబడిపోనాడు. లోపల సలి. వంగి కూకోమని ఎన్నుపూసలోకి సూదేసారు. కాసేపటికి నా కాళ్ళు నావి కావు. అడ్డంగా గుడ్డ కట్టీసారు, ఏటీ కనబడదు. నొప్పి నేదు గాని, కడుపులో ఎవలో మూట విప్పి సర్దుతున్నట్టు ఒకటే లాగుడు. అంతలో కేరుమన్నాడు. సూపించారు, ముద్దెట్టుకున్నాను. ఆ తరవాత వొణుకు పట్టుకుంటే పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.

నొప్పులు పడకుండా కనడం ఏటో మత్తు దిగాక తెలిసింది. దగ్గితే పేణం పోతాది. నవ్వితే పేణం పోతాది. మర్నాడే లెగిసి నడవమన్నారు. పక్కకి దొర్లి, మోసెయ్యి ఆనించి, పొట్టకి తలగడ అదుముకుని లెగిసాను. మంచం దిగి తలుపు దాకా నాలుగడుగులు, అవి ఏసేసరికి సెమటలు కారిపోనాయి. నువ్వు ఆరో రోజునే మంచం దిగి మనింట్లో అంట్లు తోమావు. నాను గుమ్మంలో కూకుని తల దువ్వుకున్నాను.

ఆపరేషనైన సాయంత్రం నోరెండిపోనాది. నర్సమ్మ, ఆవిడకి తెలుగొచ్చు, నీళ్ళు తెచ్చి కొంచెం కొంచెంగా తాగమంది. నాను మూతి తిప్పీసాను. "వొద్దమ్మా, పచ్చి బాలింతకి నీళ్ళిస్తే కోత సీము పడతాది" అన్నాను. ఆవిడ నెత్తి కొట్టుకుంది. "ఎవరు చెప్పారే నీకు? నీళ్ళకీ చీముకీ ఏమిటి సంబంధం? తాగితేనే పాలు పడతాయి, తాగు" అని కసిరి తాగించింది. నాలుగు గుక్కలు గొంతు దిగాయో నేదో, ఎక్కిళ్ళొచ్చీసాయి. కుట్లు పట్టుకుని ఏడిసాను.

ఇంక సెప్పీస్తాను వొదినా. ఇన్నాళ్ళు దాసాను.

దివ్య పుట్టినప్పుడు అమ్మ నీకు రోజంతటికీ ఒక్క సెంబుడు కాసిన నీళ్ళే కొలిసి మంచం పక్కన ఎట్టీది. ఎల్లుల్లి కారం, ఎండుసేప, ఆ సెంబు, అదే నీ పత్తెం. తొమ్మిదో రోజు మజ్జానం నాను రేవు నించి సేపల గంప దించి వచ్చాను. దాహమేసింది. కుండ పెరట్లో ఉంది, అంత దూరం ఎవలెళ్తారని బద్దకించి నీ సెంబెత్తి గటగటా తాగీసాను. నువ్వు తొంగున్నావు. అమ్మొచ్చి కాళీ సెంబు సూసి నీ మీద ఇరుసుకు పడింది. "నాను తాగలేదు అత్తా" అన్నావు. ఎవలు నమ్మారు? మర్నాటి దాకా నీకు సుక్క నీళ్ళివ్వలేదు. నువ్వు నా ముకంలోకి సూసావు. నాను తల దించుకుని సేపలు పొలుసు తీస్తా కూకున్నాను.

మూడు రోజులకి నీ కోత సీము పట్టింది. అంతే, "దొంగతనంగా నీళ్ళు తాగిందంట" అని ఊరంతా అన్నారు. దివ్యకి ఏ రోగమొచ్చినా అమ్మ ఇప్పటికీ ఆ మాటే ఎత్తుతాది. ఎనిమిదేళ్ళొదినా! నీళ్ళు తాగడం తప్పే కాదు, ఆ తప్పయినా నువ్వు సెయ్యలేదు. నా కొడుక్కి పాలిస్తన్నప్పుడల్లా, పాల్నేక గుక్కపట్టి ఏడిసిన దివ్యే కళ్ళ ముందు కనబడతాది.

నీకు మొదటిది ఆపరేషను కాబట్టి ఈసారి నొప్పులొచ్చీదాకా కూకోకు. ఏ రోజు రమ్మంటారో ఇప్పుడే ఆసుపత్రిలో అడిగి ఉంచుకో. కోత పొడిగా, శుబ్బరంగా ఉంచుకోవాలంట. జొరమొచ్చినా, ఎర్రబడినా పసుపులూ ఆకులూ ఎట్టకుండా బేగి ఆసుపత్రికి పొమ్మన్నారు. నాకు పాలు పడతాయని రెండు పాలసొర్ర సేప ముక్కలు ఎండబెట్టి పంపమని నిన్నడగాలనుంది గాని, ఏ ముకం పెట్టుకుని అడగను?

మొన్న అమ్మకి ఫోన్ సేసి, స్పీకరు కట్టించి మొత్తం సెప్పీసాను. అంతా యిని మెల్లగా అంది: "ఒసే, అయిపోయిందేదో అయిపోనాది. ఈ మాట నీ వొదినకి మాత్రం సెప్పకు. తెలిస్తే ఇంక నా మాట యినదు."

అందుకే రాస్తన్నాను. ఆమె మాట ఇంక యినకు.

బిడ్డకి మూడో నెల రాగానే నాను బయలెళ్ళి వచ్చీస్తాను. నీ కాన్పుకి నీ మంచం పక్కనే ఉంటాను. అన్నియ్య ముందరా, అమ్మ ముందరా, నా మాటలు యిన్న ఆ రేవులోనూ నా నోటితో నానే సెప్తాను. నువ్వు తిడితే తిట్టు, పడతాను. నా మీద నీకు మనసు ఇరిగిపోతే గుమ్మం బయటే కూకుంటాను గాని, నిన్ను ఆ బాలింత గదిలో మళ్ళీ ఒక్కదాన్ని ఒదిలీను.

అన్నియ్యకి దండాలు. దివ్యమ్మకి ముద్దులు. నా కొడుక్కి ఇంకా పేరెట్టలేదు, ఆడికి నీ దీవెన కావాలి. నాకు ఇస్తావో నేదో నీ ఇష్టం.

నీ దగ్గర తప్పు సేసిన
రత్నం